దొరసాని పురుడు

మా ఇంట్లో తద్దినం పెట్టే రోజున బావ మూడు తరాల పేర్లు చెప్పాలి. తండ్రి, తాత, ముత్తాత. ముత్తాత దగ్గరికి వచ్చేసరికి ఏటా గొంతు సన్నబడిపోయేది. పంతులుగారు చెవి ముందుకు పెట్టేవారు, లోపలి గదిలోంచి అత్తయ్య ఆ పేరు అందించేది. అలాంటి ఇంట్లో ఐదు తరాల పేర్లు, పుట్టిన తేదీలతో, ఒంటి రంగులతో సహా అచ్చువేసిన కాగితం ఒకటి బీరువాలో నా పట్టుచీరల మడతల మధ్య భద్రంగా ఉండేది. అది మా కుక్కది.

బావ అంటే మా ఆయనే. మేనత్త కొడుకు. అందుకని అత్తయ్య నాకు పుట్టుకతోనూ అత్తయ్యే, పెళ్ళితోనూ అత్తయ్యే. తప్పించుకునే దారి రెండు వైపులా మూసుకుపోయింది. విజయనగరం వైపు నుంచి ఉద్యోగాల కోసం వచ్చి, సికింద్రాబాద్‌లో రెండు అద్దె ఇళ్ళు మారి, చివరికి యాప్రాల్‌లో చిన్న ఇల్లు కట్టుకున్నాం. నగరానికి అవతలి కొసన అద్దాల మేడలు వరసగా లేస్తున్న రోజులవి. బావ వాటిలో ఒకదానిలో పనిచేసేవాడు. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికే ఉద్యోగం. నేను బడిలో తెలుగు చెప్పేదాన్ని. నాదీ తప్పులు వెతికే ఉద్యోగమే, కాకపోతే నా తప్పులకి ఏసీ ఉండేది కాదు. మా అమ్మాయికి అప్పుడు పన్నెండేళ్ళు.

కుక్క కోర్గీ జాతిది. కూనూరులో చాలా ఏళ్ళుగా వాటిని పెంచుతున్న ఒక పెద్దావిడ దగ్గర తెచ్చుకున్నాం. నక్క మొహం, గబ్బిలం చెవులు, ఇటుక రంగు ఒళ్ళు, తెల్లటి రొమ్ము, కూర్చునే పీటంత ఎత్తు, తోక లేదు. మొదటిసారి వీధిలోకి తీసుకెళ్ళిన రోజు ఎదురింటాయన స్కూటర్ ఆపి మరీ చూశాడు.

"ఏందమ్మా ఇది, నక్కనా?"

"కుక్కేనండీ."

"మరి కాళ్ళేమైనయ్?"

"ఇంతే ఉంటాయండీ."

"పరేషాన్ గాకుండ్రి. పెరుగుతయ్ తియ్యిండ్రి," అని ధైర్యం చెప్పి వెళ్ళాడు.

కాళ్ళు పెరగలేదు. మా కోరికలు పెరిగాయి. కాగితం మీద దానికి నాలుగు మాటల ఇంగ్లీషు పేరు ఉండేది. గడప దాటాలన్నా ఎవరో వచ్చి తలుపు తీయాలన్నట్టు నిలబడి చూసే దాని వైఖరి చూసి అత్తయ్య "దొరసాని" అంది. అదే నిలిచిపోయింది.

కుక్కల ప్రదర్శన అంటే అందాల పోటీ అనుకుంటారు చాలామంది. నాకు మాత్రం అది పెళ్ళిచూపుల్లాగే కనిపించేది. ముక్కూ మొహం తెలియని మనిషి వచ్చి పళ్ళు చూస్తాడు, నడిపించి చూస్తాడు, వెనకనుంచి చూస్తాడు, ఏ సంగతీ చెప్పకుండా కాగితం మీద రాసుకుంటాడు. అమ్మాయి దాని తాడు పట్టుకుని గుండ్రంగా పరిగెత్తేది. బరి చుట్టూ కట్టిన తాడుకి ఇవతల నేనూ బావా నిలబడి చూసేవాళ్ళం. అత్తయ్య మడత కుర్చీలో కూర్చుని, పక్క కుక్కల వంక చూస్తూ, "అదేటమ్మా, దాని జుత్తుకి అంత నూనె రాసీసేరు," అంటూ అందరికీ వినబడేలా వ్యాఖ్యానం చెప్పేది. జడ్జి దొరసానిని బల్ల మీద నిలబెట్టి వెన్ను తడిమేటప్పుడు నేను కళ్ళు మూసుకునేదాన్ని. అది కరుస్తుందని కాదు. బాగాలేదంటాడేమోనని.

బాగుందన్నారు. ముగ్గురు వేర్వేరు జడ్జీలు మూడు సర్టిఫికెట్లు ఇస్తే కుక్క ఛాంపియన్ అవుతుంది. దొరసానికి రెండు వచ్చాయి. రెండో సర్టిఫికెట్టు ఇచ్చిన పెద్దమనిషి అమ్మాయి భుజం తట్టి, ఇలాంటి తల కిందితరానికి అందాలి సుమా అన్నాడు. ఆయన మర్యాదకి అని ఉంటాడు. ఆ మాట మాత్రం నా బుర్రలో దూరి కాపురం పెట్టింది.

నిజం చెప్పాలి. దొరసానికి పిల్లలు కావాలని అడిగింది బావ కాదు, అమ్మాయి కాదు. నేనే. అత్తయ్య మొదట్నుంచీ వద్దనే అంది.

"దాని మానాన దాన్ని ఒగ్గీండర్రా. ఆడదై పుట్టినంత మాత్రాన కనాలనేటి?"

"అది కాదత్తయ్యా, మంచి జాతి..."

"నీదీ మంచి జాతే. ఒక్కదాన్ని కని ఊరుకున్నావు కాదా?"

అంతా పద్ధతిగా చేస్తానని మాటిచ్చాను. పద్ధతిగానే చేశాం కూడా. రెండేళ్ళు నిండేదాకా ఆగాం. తుంటి ఎక్స్‌రే తీయించాం, కళ్ళు చూపించాం. పిల్లలు పుట్టకముందే వాటిని పెంచుకునే ఇళ్ళు వెతికాం. మేడ మెట్లు ఎన్ని, పగలు ఇంట్లో ఎవరుంటారు, ఊరు మారితే ఏం చేస్తారు అని నేను అడుగుతుంటే వచ్చినవాళ్ళు చెమట తుడుచుకునేవారు. ఏ కారణం చేత పెంచలేకపోయినా తిరిగి మాకే ఇవ్వాలని రాయించుకున్నాం. బెంగుళూరు నుంచి మగకుక్క కాగితం వచ్చాక బావా నేనూ నేల మీద రెండు వంశవృక్షాలూ పరిచి, ఐదు తరాల్లో ఒక్క పేరు కూడా రెండు వైపులా లేకుండా చూశాం. అత్తయ్య కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసింది.

"నా కొడుక్కి నా అన్న కూతురు పనికొచ్చింది గానీ, ఈ కుక్కకి దాని చుట్టం పనికిరాడేటి?"

బావ నావంక చూశాడు. నేను కాగితం వంక చూశాను.

ఇన్ని చూసుకున్నాం గానీ దాని కటిలో పిల్ల బయటికి వచ్చే దారి ఎంత వెడల్పో ఎవరమూ చూడలేదు. చూడాలని తెలియదు.

బెంగుళూరు వెళ్ళివచ్చిన నెలకి దాని పొట్ట తెలిసింది. నా భయం అంతకుముందే తెలిసింది. పుస్తకాలు తెచ్చుకుని చదివాను. ఒక్కో పుట తిప్పినకొద్దీ పోవడానికి ఎన్ని దారులున్నాయో తెలిసేది. పుట్టడానికి ఉన్నది ఒక్కటే. తెల్లారి లేవగానే ముందు దాని డొక్క ఎగిరిపడుతోందో లేదో చూసేదాన్ని. చూశాక కాఫీ. అది ఒకసారి తుమ్మితే నాకు రెండు తుమ్ములంత గాభరా. నేను అడిగి తెచ్చుకున్న కడుపు కాబట్టి దానికి ఏమైనా అయితే అది నా వల్లే అయినట్టు. ఈ మాట ఎవరితోనూ అనలేదు. అన్నం వడ్డిస్తూ, పరీక్ష పేపర్లు దిద్దుతూ లోపల అనుకుంటూనే ఉండేదాన్ని.

కుక్క ఏ రోజున కంటుందో ముందుగా పట్టుకునే ఉపాయం ఒకటుంది. మామూలుగా దాని ఒంటి వేడి నూట ఒకటి దగ్గర ఉంటుంది. నొప్పులు వచ్చే ముందు అది ఉన్నట్టుండి తొంభై తొమ్మిదికి దిగువకి పడిపోతుంది. పడిన ఇరవై నాలుగు గంటల్లో పిల్లలు రావాలి. రాకపోతే ఏదో అడ్డం పడిందన్నమాట. ఆ తగ్గడం కొన్ని గంటలే ఉంటుంది, మళ్ళీ పెరిగిపోతుంది. అందుకని రోజుకి మూడుసార్లు చూడాలి.

దసరా సెలవులు కావడంతో నేనూ అమ్మాయీ ఇంట్లోనే ఉన్నాం. అమ్మాయి దాని తల ఒళ్ళో పెట్టుకుని కబుర్లు చెప్పేది, నేను వెనకవైపు థర్మామీటరుతో నా పని చేసేదాన్ని. దొరసాని మెడ తిప్పి నావంక చూసే చూపు మాత్రం, ఈ ఇంట్లో నా మర్యాద ఇదా అన్నట్టు ఉండేది. మూడు అంకెలూ చీటీ మీద రాసి పెడితే సాయంత్రం బావ వచ్చి కంప్యూటర్లో ఎక్కించేవాడు. వెంటనే రంగుల్లో ప్రింటు తీసి ఫ్రిజ్ మీద అంటించేవాడు. రోజుకి మూడు చుక్కలు పెడితే గీత గజిబిజిగా ఉందని, మూడింటికీ సగటు కట్టి రోజుకి ఒక్క చుక్క పెట్టాడు. గీత చాలా అందంగా వచ్చింది. సగటు మనుషులం, సగటునే నమ్ముకున్నాం.

ఆ బుధవారం మధ్యాహ్నం థర్మామీటరు తొంభై ఎనిమిది పాయింట్ ఆరు చూపించింది. దొరసాని కదిలింది, గొట్టం సరిగా ఆనలేదనుకున్నాను. మళ్ళీ పెడదామంటే అది వెళ్ళి మంచం కింద దూరింది. లోపలినుంచి అత్తయ్య గారెల పిండి పలచబడిందని పిలిచింది. చీటీ మీద అంకె రాసి వెళ్ళిపోయాను. సాయంత్రం చూస్తే వంద పాయింట్ తొమ్మిది. చూశావా, ఇందాక గొట్టమే సరిగా ఆనలేదు అని నాకు నేనే చెప్పుకున్నాను. బావ మూడూ ఎక్కించాడు. సగటు వంద దాటే వచ్చింది.

"ఇంకా రెండ్రోజులు పడుతుంది. రేపు మా ఆఫీసులో డెలివరీ ఉంది. అది అయిపోతే ఎల్లుండి సెలవు పెడతాను," అన్నాడు బావ.

"రెండు డెలివరీలూ ఒకేరోజు పడకుండా చూడు దేవుడా," అని నవ్వాను కూడా.

గురువారం పొద్దున బావ కారు తీసుకుని వెళ్ళాక దొరసాని అన్నం ముట్టలేదు. మేం వడ్రంగి చేత చేయించిన చెక్క పెట్టెలో పరిచిన పాత చీరలని గోళ్ళతో చీల్చింది, తిరిగింది, పడుకుంది, లేచింది. ఒళ్ళు సన్నగా వణుకుతోంది.

"దీనికి వచ్చీసినాయే పిల్లా," అంది అత్తయ్య.

"లేదత్తయ్యా, ఇంకా టెంపరేచర్ పడలేదు."

"దాని మొహం సూడు ఓపాలి."

నేను కుక్క మొహం చూడలేదు. వెళ్ళి ఫ్రిజ్ చూశాను. గీత నున్నగా, ఏ కుదుపూ లేకుండా నిలబడి ఉంది. రెండు గంటలు అలా గడిచాయి. నేను మూడుసార్లు ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళివచ్చాను.

పదకొండు దాటాక అమ్మాయి పిలిచింది. "అమ్మా, చీర మీద ఏదో పచ్చగా ఉంది."

"పసుపు పచ్చా?"

"కాదు. ఆకుపచ్చ. గోరింటాకు రుబ్బినట్టుంది."

ఆ ఆకుపచ్చ గురించి చదివాను. మొదటి పిల్ల బయటికి వచ్చాక కనిపిస్తే భయం లేదు. పిల్లే లేకుండా ముందు అది కనిపిస్తే లోపల మావి విడిపోయిందన్నమాట. విడిపోయాక లోపలున్న పిల్లకి ఊపిరి లేదు, తల్లికి వ్యవధి లేదు. ఆ పుట కింద నేనే పెన్సిల్‌తో రెండు గీతలు గీసుకున్నాను. పిల్లలకి పాఠంలో ముఖ్యమైన వాక్యాల కింద గీయించినట్టు.

తిరుమలగిరిలో మేం చూపించే పశువుల డాక్టరుగారు మిలిటరీలో గుర్రాలకీ కుక్కలకీ వైద్యం చేసి రిటైరైన మనిషి. ఫోన్లో రంగు చెప్పగానే, "ఇంట్ల కూసోని ఏం చెయ్యకుండ్రి. వచ్చేయుండ్రి, ఫౌరన్," అని పెట్టేశారు. బావ సెల్లుకి చేశాను. మోగింది, మోగింది, ఆగిపోయింది. ఇంకోసారి చేశాను. తర్వాత తెలిసింది, మీటింగు గదిలోకి సెల్లులు తీసుకెళ్ళనివ్వలేదట.

అమ్మాయి పరిగెత్తి ఆటో తెచ్చింది. డ్రైవర్ మా చేతుల్లో దుప్పటి మూట చూసి చెయ్యి అడ్డం ఊపాడు.

"కుక్కనా? నై నై. సీటంత ఖరాబ్ చేస్తది."

"డెలివరీ బాబూ. పిల్ల అడ్డం పడింది," అంది అత్తయ్య.

"ఎవలికి?"

"దీనికేనయ్యా!"

అతను మూటలోకి తొంగిచూశాడు. దొరసాని నాలుక బయటపెట్టి ఎగశ్వాస తీస్తోంది. "అరె, గట్ల చెప్పుండ్రి మరి. ఎక్కుండ్రి. మా ఇంట్ల సుత బర్రె ఇయ్యాల్నో రేపో ఈనేటట్టున్నది," అంటూ సీటు మీది తువ్వాలు తనే తీసి పరిచాడు.

దొరసాని అత్తయ్య ఒళ్ళో ఉంది. ఆవిడ అడగలేదు, నేను పెట్టలేదు. కూర్చోగానే చేతులు చాపి తీసేసుకుంది. రోడ్డు పక్కన బతుకమ్మ కోసం తంగేడు పూలు, బంతి పూలు కుప్పలు పోసి అమ్ముతున్నారు. ఆటో ఆ కుప్పల మధ్యనుంచి దూరి పోతోంది. అప్పుడు గుర్తొచ్చింది నాకు ఆ అంకె. తొంభై ఎనిమిది పాయింట్ ఆరు. గొట్టం సరిగానే ఆనింది. ఒంటి వేడి నిన్న మధ్యాహ్నం పన్నెండున్నరకే పడిపోయింది. ఇరవై నాలుగు గంటల్లో ఇరవై మూడు నేనే తినేశాను.

"అత్తయ్యా, నిన్నే పడిపోయింది. నేనే చూశాను. చూసి నమ్మలేదు."

ఆవిడ నావైపు తల కూడా తిప్పలేదు. "నీ ఏడుపు తరవాత ఏడుద్దువు గానీ, ముందు దాని తల పట్టుకో. కుదుపులకి కొట్టుకుంటంది."

తల పట్టుకున్నాను. చెవులు వేడిగా కాలుతున్నాయి. ఇంకొంచెం దూరం వెళ్ళాక రైలు గేటు పడింది. మా ముందు లారీ, దాని ముందు రెండు బస్సులు. డ్రైవర్ దిగి, గేటు దగ్గరికి ఉరికి, కంచెమీదుగా గేట్‌మన్‌తో అరిచాడు.

"అన్నా, లోపట డెలివరీ కేసున్నదే! జెర తియ్యరాదె!"

"రైలొస్తున్నది కనబడ్తలేదా? నేనేమన్న రైలుకు బామ్మర్దినా, వద్దంటె ఆగనీకి?"

గూడ్సు వచ్చింది. అంత నిదానంగా నడిచే రైలుని నేను అంతకుముందు చూడలేదు. ఒక్కో పెట్టె టకటకమని దాటుతుంటే నేను దొరసాని డొక్క మీద చెయ్యి వేసి ఉంచాను. లోపల ఏదో సన్నగా కదిలింది. కదిలిందనుకున్నాను. ఆటో వణుకో, నా చేతి వణుకో, పిల్లో తెలియలేదు. అమ్మాయి ఏమీ అడగకుండా నా మోచెయ్యి గట్టిగా పట్టుకుని కూర్చుంది. ఏదైనా అడిగితే బాగుండుననిపించింది. అడిగితే అబద్ధం చెప్పే పనైనా దొరికేది.

డాక్టరుగారు వాకిట్లోనే ఎదురొచ్చారు. బల్ల మీద పడుకోబెట్టి, చేతికి తొడుగు వేసుకుని వేలితో చూశారు. గోడ మీద గుర్రాల ఫొటోలున్నాయి, వాటిని చూస్తూ నిలబడ్డాను. ఆయన తొడుగు తీసి బుట్టలో వేశారు.

"ఫస్ట్ పిల్ల తల ఇక్కడ ఇరుక్కున్నదమ్మా. దారి శానా ఇరుకు. పుట్టుకతోనే ఇరుకు. ఆపరేషన్ చెయ్యాలె, వేరే రాస్తా లేదు. తల్లికీ పిల్లలకీ గ్యారంటీ ఇయ్యలేను. ఇంగొకటి సుత ఇప్పుడే చెప్పాలె మీరు. గర్భసంచి ఉంచాల్నా, తియ్యాల్నా?"

"ఉంచితే?"

"ఉంచితే మల్ల పిల్లలు పెట్టొచ్చు, మల్ల గిదే తక్లీఫ్. దీని బిడ్డలకు సుత ఈ ఇరుకు రావచ్చు. తీస్తే దీని జోలి ఒడిసిపోతది. కానీ ఆపరేషనైన కుక్కను షోల తీసుకోరు. మీకు ఎరికే గద."

ఎరికే. మూడో సర్టిఫికెట్టుకి జనవరిలో ప్రదర్శన ఉంది. ఆ నిమిషాన, బల్ల మీద అది రొప్పుతుండగా, నాకు ఆ మూడో సర్టిఫికెట్టు గుర్తొచ్చింది. ఈ వాక్యం రెండుసార్లు కొట్టేసి మళ్ళీ రాశాను. గుర్తొచ్చింది, అంతే. దాని తాడు పట్టుకుని ఎండలో పరిగెత్తింది అమ్మాయి, నేను కాదు. అందుకని అమ్మాయి వైపు చూశాను.

"నన్ను చూస్తావేంటమ్మా? దాన్ని చూడు," అంది అమ్మాయి, కోపంగా.

చూశాను. పొద్దుటినుంచీ మొదటిసారి సరిగ్గా చూశాను. కళ్ళు సగం మూసుకుపోయి, నోటి కొసల్లో నురగ పేరుకుని, మా దొరసానిలో దొరతనం ఏమీ మిగల్లేదు. నొప్పిపడుతున్న చిన్న జంతువు, అంతే.

"తీసెయ్యండి డాక్టరుగారూ. పాలకి ఇబ్బంది ఉండదు కదా?"

"పాలకేం గాదు. ఇక్కడ సంతకం పెట్టుండ్రి."

నా సంతకం పిల్లల కాపీ పుస్తకాల మీద రోజుకి వంద సార్లు పెడతాను. ఆ రోజు పెట్టింది ఇప్పటికీ ఎవరూ నాదని ఒప్పుకోరు.

ఆ రోజు డాక్టరుగారికి ఒక్క కాంపౌండరే ఉన్నాడు. అతని రెండు చేతులూ మత్తు దగ్గరే ఉండాలి. బయటికొచ్చిన పిల్లల్ని తుడిచి ఊపిరి పోసేవాళ్ళు కావాలి. "ఎవలన్న ఒకరు లోపటికి రాండ్రి, ఒణకని చేతులు గలోళ్ళు," అన్నారు ఆయన. నేను చేతులు వెనక్కి దాచుకున్నాను. అత్తయ్య లేచి పైట దోపుకుంది.

తలుపు ఓరగా ఉంది. నాకు ఆవిడ వీపే కనిపించింది. మొదట చేతికి వచ్చినదాన్ని ఆవిడ చాలాసేపు తువ్వాలుతో రుద్దింది. తర్వాత రుద్దడం ఆపి, అదే తువ్వాలులో చుట్టి పక్కన పెట్టింది. దారిలో ఇరుక్కున్నది అదే. అమ్మాయి ముఖం నా భుజానికి ఆనించుకుంది. నిన్న మధ్యాహ్నం నేను మంచం కిందికి వంగి ఉంటే బతికి ఉండేదేమో. డాక్టరుగారిని తర్వాత అడిగాను. "చెప్పలేమమ్మా," అన్నారు. దయగల మనిషి కాబట్టి అలా అన్నారని నాకు అనుమానం.

రెండోది వెంటనే కీచుమంది. మూడోది కూడా. నాలుగోది దగ్గు లాంటిది ఒకటి చేసింది. ఐదోది ఏమీ చెయ్యలేదు. అత్తయ్య దాన్ని అరచేతిలో తల కిందికి పెట్టి, ముక్కులోంచి నీరు తీసి, వెన్ను మీద గట్టిగా రుద్దుతూ మాట్లాడడం మొదలుపెట్టింది.

"ఏడవ్వే తల్లీ. ఏడు. మా ఇంట్లో ఎవరినీ ఏడవమని నానెప్పుడూ అన్నేదు. నిన్నంటన్నాను, ఓపాలి నా మాట విను. ఏడుపుగొట్టు పీనుగా, ఏడవ్వే!"

ఎంతసేపో తెలియదు. గోడ గడియారం నా తలమీదే ఉంది కానీ దాన్ని చూడడానికి ధైర్యం చాల్లేదు. చివరికి ఏదో సన్నగా, తలుపు బందు కిర్రుమన్నట్టు వినిపించింది. మొదట తలుపే అనుకున్నాను. అత్తయ్య వీపు ఒక్కసారి కిందికి దిగింది.

దొరసానికి కుట్లు వేసి బయటికి తెచ్చేసరికి రెండున్నర. ఊపిరి తీస్తోంది. నాలుగు పిల్లలు అట్టపెట్టెలో వేడినీళ్ళ సీసాల మధ్య ఎలక పిల్లల్లా ఉన్నాయి. పంపేముందు డాక్టరుగారు నన్ను పక్కకి పిలిచారు.

"అసలు తక్లీఫ్ ఇంట్ల షురూ అయితది. ఇది నొప్పులు పడి కన్లేదు. మత్తు దిగి లేసేసరికి పక్కన కొత్త జీవాలుంటయ్. నావే అని దానికి ఎరికుండది. కొన్ని కుక్కలు బెదిరి కరిచి సంపుతయ్ సుత. చెయ్యి అడ్డం పెట్టుకొని కూసోండ్రి. జల్దీ చెయ్యకుండ్రి."

ఆటో అతను వెళ్ళిపోలేదు. చెట్టు కింద బీడీ కాలుస్తూ కూర్చున్నాడు. పెట్టెలోకి చూసి, "నాలుగా! మస్తు," అన్నాడు. బతకని మొదటిదాని సంగతి మేం చెప్పలేదు. అది అత్తయ్య చేతిలో తువ్వాలులో ఉంది. ఇంటి వెనక కరివేపాకు మొక్క పక్కన అత్తయ్యా అమ్మాయీ దాన్ని పూడ్చారు. నేను దొరసాని దగ్గరనుంచి కదల్లేదు.

ఐదింటికి బావ వచ్చాడు. మీటింగు నుంచి బయటపడి, సెల్లులో నా కాల్స్ చూసి, దారంతా ఎలా నడిపాడో గుర్తులేదన్నాడు. నేను నేల మీద కూర్చుని కూడబలుక్కుంటూ అంతా చెప్పాను. అంకె, చీటీ, సగటు, సంచి. గర్భసంచి తీయించానని కూడా చెప్పాను.

"నన్ను అడగాల్సిందేమో అంటావా?" అన్నాను.

"కాదు. సగటు కట్టింది నేను," అన్నాడు. "నా ఉద్యోగమే అది. అలాంటి తప్పు పట్టుకోవడమే నా ఉద్యోగం."

ఎవరి తప్పు పెద్దదని మేం పోట్లాడుకోలేదు. పోట్లాడుకునే ఓపిక లేదు. ఎందుకంటే దొరసాని కళ్ళు తెరిచింది.

తల ఎత్తింది, తూలింది, మళ్ళీ ఎత్తింది. అమ్మాయి ఒక పిల్లని నెమ్మదిగా దాని పొట్ట దగ్గర పెట్టింది. దొరసాని వాసన చూసింది. పెదవి పైకి లేచింది. గొంతులోంచి ఒక గుర్రు వచ్చింది. మూడేళ్ళలో మా ఇంట్లో ఎవరి మీదా అది గుర్రుమనడం నేను వినలేదు. నేను అరచేతిని దాని నోటికీ పిల్లకీ మధ్య పెట్టాను.

"అమ్మా, నిన్ను కరుస్తుంది," అంది అమ్మాయి.

"కరవనీ."

ధైర్యంతో అనలేదు. చెయ్యి తీస్తే ఏమవుతుందో చూడడానికి ధైర్యం లేక ఉంచాను. పళ్ళు నా వేళ్ళకి తగిలాయి. నొక్కలేదు, ఊరికే తగిలి ఉన్నాయి. అరచేతి వెనక పిల్ల ఊరుకోలేదు. గుడ్డిగా తల ఇటూ అటూ ఊపుతూ, నా మణికట్టు కింద దూరి, పొట్ట మీదికి పాకింది. కుట్ల పక్కనుంచి వెతుక్కుంది. దొరికింది. చప్పరింపు వినిపించింది.

దొరసాని ఒళ్ళు ఒక్కసారి బిగుసుకుంది. మేం నలుగురం కదల్లేదు. అది తన పొట్టవైపు చూసింది, నావైపు చూసింది, మళ్ళీ పొట్టవైపు చూసింది. ఇదేమిటో ఎవరూ దానికి చెప్పలేరు. చాలాసేపటికి తల దించి నా చేతిమీదే ఆనించింది. ముద్దు చెయ్యలేదు, నాకలేదు. ఉండనిచ్చింది, అంతే.

"రెండోదాన్ని పెట్టు," అంది అత్తయ్య, అమ్మాయితో, గొంతు తగ్గించి.

అమ్మాయి రెండోదాన్ని పెట్టింది. నా చెయ్యి తిమ్మిరెక్కింది. తియ్యలేదు.